తోకోళ్ళ జెండా

జెండాకి రంగులు దొరకడం ఎంత కష్టమో మన వైపు కుట్టి చూసినవాళ్ళకే తెలుస్తుంది. పసుపు వేస్తే ఒక పార్టీ అంటారు, నీలం వేస్తే ఇంకో పార్టీ. ఎరుపు ఎప్పుడో ఒకళ్ళు పట్టుకుపోయారు, కాషాయం ఇంకొకళ్ళు పట్టుకుపోయారు. ఎరుపూ తెలుపూ కలిపి వేసినా మాదే అని ఎవరో ఒకరు వస్తారు. నేను లేడీస్ టైలర్‌ని. విజయనగరం బజారులో ఒక సందు చివర నాకు చిన్న కొట్టుంది. ఒక ఆదివారం కట్ పీసుల మూటంతా నేల మీద పోసి, ఎవరికీ చెందని రంగుల కోసం వెతికాను. చివరికి మిగిలినవి వంకాయ రంగు, గోధుమ రంగు, బూడిద రంగు. మూడూ లైనింగు గుడ్డలే. వాటిని పట్టీలుగా కలిపి కుట్టి, చివర్ని తిన్నగా కత్తిరించకుండా సన్నగా, పొడుగ్గా లాగి వదిలాను. జెండాకే తోక పెట్టాను.

అది నా జెండా. తోక కావాలనుకునేవాళ్ళ జెండా.

నవ్వొస్తే నవ్వుకోండి. నాకు కోపం రాదని అబద్ధం చెప్పను, వస్తుంది. కానీ మీరు నవ్వారని చెప్పడం ఆపను.

మాది కళింగపట్నం వెళ్ళే దారిలో, వంశధారకి దగ్గరగా ఉన్న ఒక వ్యవసాయం ఊరు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆవు ఉండేది. పొద్దున్నే దూడని విప్పగానే అది తోక నిటారుగా ఎత్తి కళ్ళమంతా పరుగులు తీసేది. నేనూ దాని వెనకే పరుగెత్తేదాన్ని. దానికి సంతోషం వస్తే ఎత్తడానికి ఒకటుంది, నాకేమీ లేదు అనిపించి ఒకరోజు ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అమ్మ అడిగితే నాకు తోక లేదని చెప్పాను. అమ్మ పడీపడీ నవ్వింది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పి వాళ్ళనీ నవ్వించేది. ఊహ తెలిశాక నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మాట ఎత్తకపోతే కోరిక పోయిందని పెద్దవాళ్ళు అనుకుంటారు. ఎక్కడికీ పోదు. నడుం కింద, వెన్ను చివర, అక్కడొకటి ఉండాలి, లేదు. మిషను ముందు కూర్చున్నా, బస్సులో నిలబడ్డా ఆ వెలితి నాకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పులు మరిచిపోయి బజారుకి వచ్చేసినట్టు ఉంటుంది.

మన భాషలో పొగరున్న ప్రతివాడికీ తోక ఉంది. తోక జాడించకు అంటారు, తోక కత్తిరిస్తాను అంటారు. మా అమ్మ రోజుకోసారి నా తోక కత్తిరించేది. లేని తోకని అన్నేళ్ళు కత్తిరించారు కదా, ఉన్నదాన్ని చూస్తే ఎందుకంత ఉలిక్కిపడతారో నాకు అర్థం కాదు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు మొదట అడిగేది ఆంజనేయస్వామి భక్తురాలివా అని. ఆయన తోక ఆయనది, లంక తగలబెట్టడానికి పనికొచ్చింది. నాకు తగలబెట్టే పనేమీ లేదు, ఊరికే ఉంటే చాలు. రెండోది, డాక్టరుకి చూపించుకున్నావా అని. చూపించుకున్నాను. మిషను తొక్కీ తొక్కీ నడుం నొప్పి వస్తే వెళ్ళాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, వెన్ను చివర వంకర తిరిగిన బుల్లి ఎముకని చూపించి, ఇదిగోనమ్మా, ఒకప్పుడు మనందరికీ ఉన్న తోక, అరిగిపోయి ఇంతయింది అన్నాడు. సరదాకే అన్నాడు. నేను ఆ ఫిల్ము ఇంటికి తెచ్చి కిటికీ అద్దానికి అంటించుకున్నాను. అందరికీ ఉండి పోయినదాన్ని నేనొక్కదాన్నీ కావాలంటే అది నా రోగం ఎలా అయిందో ఎవరైనా చెప్తే వింటాను. వేళకి తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, ఒప్పుకున్న రోజుకి రవిక అందిస్తున్నాను. టైలర్లలో ఆ చివరిది ఎంతమంది చేస్తారో మీకే తెలుసు.

రవికల వెనక డిజైన్ల కోసం ఫోనులో వెతుకుతుంటే ఒకరోజు ఎక్కడెక్కడికో వెళ్ళి ఒక పేజీ దగ్గర ఆగాను. ఏ దేశం వాళ్ళో, ఏ వయసు వాళ్ళో తెలియదు. తమకి లేని అవయవాలు కావాలనుకునేవాళ్ళు, ఆ కోరికలకి పేర్లు పెట్టుకుని, ఒక్కో పేరుకి ఒక్కో జెండా గీసుకున్నారు. కొమ్ములు కావాలనుకునేవాళ్ళకి ఒకటి, రెక్కలకి ఒకటి, పిల్లి చెవులకి ఒకటి. తోకకీ ఉంది. మొదట నేనూ నవ్వాను. తర్వాత షట్టరు దించుకుని ఏడ్చాను. ఈ కోరిక నా ఒక్కదానికే ఉందనుకున్నందుకు కాదు. దానికి పేరు పెట్టుకోవచ్చని అంత వయసు వచ్చినా నాకు తోచనందుకు.

వాళ్ళ ఇంగ్లీషు పేరు నా నోట్లో నిలవలేదు. వాలాభిలాషులు అని ఒకటి అనుకుని చూశాను, మైకులో ఎవరికో సన్మానం చేస్తున్నట్టుంది. మా వైపు మనిషి ఎవరో చెప్పాలంటే ఇంటిపేరు పక్కన ‘ఓళ్ళు’ తగిలిస్తాం. ఫలానావోళ్ళ పిల్ల, ఫలానావోళ్ళ కోడలు అంటే ఇక ఎవరూ ఇంకేమీ అడగరు. అలా ‘తోకోళ్ళు’ అనుకున్నాను. బయటికి అని చూశాను. అందులో జబ్బు లేదు, భక్తి లేదు. ఒక ఇల్లుంది, ఇంట్లో మనుషులున్నారు, అంతే. ఆ రోజంతా రవికలకి హుక్కులు కుడుతూ నాలో నేను తోకోళ్ళం, తోకోళ్ళం అనుకుంటూనే ఉన్నాను.

ఫోనులో తెలుగులో ఒక పేజీ తెరిచి జెండా బొమ్మ పెట్టాను. తిట్లు బాగా వచ్చాయి. తిట్లన్నీ పోయాక ఇద్దరు మిగిలారు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు, ఆయనకి కొమ్ములు కావాలి. పార్వతీపురంలో పనిచేసే నర్సు ఇంకొకరు, ఆమెకి చేతికి ఆరో వేలు కావాలి. ఆరో వేలుతో పుట్టిన పసిపిల్లలకి దాన్ని తీసేస్తుంటే పక్కన నిలబడడం తనకి ఎంత కష్టమో రాసింది. వాళ్ళకీ పేర్లు పెట్టుకున్నాం, కొమ్ములోళ్ళు, ఆరోవేలోళ్ళు. వాళ్ళ జెండాలు కూడా నేనే కుట్టి బస్సు పార్సెల్లో పంపాను. పెద్దాయన తన జెండాని బీరువాలో పట్టుపంచల కింద దాచుకున్నారు. నాది కొట్టులో మిషను వెనక గోడకి వేలాడదీశాను. వచ్చినవాళ్ళందరూ ఇది ఏ పార్టీ అని అడిగేవారు. మా ఇంటోళ్ళ జెండా అనేదాన్ని. ఎన్నికల ముందు ఒకాయన వచ్చి మీవాళ్ళు ఎక్కడెక్కడ నిలబడుతున్నారని కూడా అడిగి వెళ్ళాడు.

ఇక తోక. వంకాయ రంగు వెల్వెట్టు, లోపల బూరుగు దూది, దూది మధ్యలో సన్నటి పేము. నడుముకి లంగా బొందులాగే కట్టుకోవచ్చు. కానీ నడుస్తుంటే అది బిగుసుకుపోయి కర్రలా ఉండకూడదు, వట్టి గుడ్డలా వేలాడనూ కూడదు. అడుగుకి తగ్గట్టు ఊగాలి. ఎన్నిసార్లు విప్పి కుట్టానో. కుదిరిన రోజున కొట్టులో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచాను. నా వెనక అది కదులుతోంది. నాకు ఎత్తడానికి ఒకటి వచ్చింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, అంతకుముందూ కలగలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ సగం షట్టరు దించి, తోక కట్టుకుని కటింగు చేసుకునేదాన్ని. ఒకరోజు మా ఊరావిడ రవిక గుడ్డలు పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చేసింది. ఏటే అది అంది. తోక అన్నాను. ఎవులది అంది. నాదే అన్నాను. ఆవిడ చాలాసేపు చూసి, చేతులు బిగువు పెట్టొద్దని చెప్పి, గుడ్డలిచ్చి వెళ్ళిపోయింది. కొలతలు ఇచ్చేటప్పుడు నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

అప్పుడు మా ఊళ్ళో పెసరకాయ కోతలు. అమ్మ అక్కడే మా తమ్ముడి దగ్గర ఉంటుంది, పొలానికి వెళ్ళడం మానలేదు. చేలో ఆడవాళ్ళందరూ అమ్మ చుట్టూ చేరి, మీ గుంట తోక కట్టుకుంటుందట కదా, ఏటైనాదే దానికి అని అడిగారట. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదట. సాయంత్రం ఫోను చేసి ఎంతో గొప్పగా చెప్పింది.

“మొక్కు అని సెప్పీసినాను. పెల్లి అవ్వాలని అమ్మోరికి తోక ఏషం మొక్కున్నావని సెప్పినాను. ఇంక ఎవులూ ఏటీ అనరు.”

“నాను మొక్కలేదు కదమ్మా.”

“మొక్కకపోతే ఇప్పుడు మొక్కు.”

నవ్వాలో అరవాలో తెలియలేదు. అమ్మ నన్ను కాపాడుతున్నాననే అనుకుంది. మా అమ్మవారి సంబరంలో వేషం మొక్కుకున్నవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదు. మీసాలున్న మగవాడు చీర కట్టుకుని వచ్చినా, పెద్దరైతు ముష్టివాడి వేషంలో ఇంటింటికీ జోలె పట్టుకుని తిరిగినా, మొక్కు అంటే అందరూ దణ్ణం పెట్టి తప్పుకుంటారు. ఆ గొడుగు కిందికి నన్ను లాగేసింది అమ్మ. కానీ మొక్కుకి రెండో సగం ఒకటుంది, ఆ కంగారులో అది ఆమెకి తట్టలేదు. ఊరు తిరిగాక గుడి ముందు వేషం విప్పేయాలి. వేషంలో ముఖ్యమైనది, కిరీటమో గదో మీసమో, అక్కడే వదిలేయాలి. సంబరం ముగిశాక దాన్ని ఘటాలతో పాటు వంశధారలో కలిపేస్తారు. ఇక ఆ మనిషి జన్మలో దాన్ని మళ్ళీ ధరించకూడదు. అమ్మవారికి ఇచ్చింది అమ్మవారిదే. భీముడి వేషం మొక్కు తీర్చుకున్న మా ఊరాయన ఒకడు ఆ తర్వాత నాటకంలో కూడా గద పట్టలేదు.

పది మందిలో నోరు జారిన మొక్కు కూడా మొక్కే. గణాచారి, అంటే పండగనాడు అమ్మవారు పూనే పెద్దావిడ, మా ఇంటికి వచ్చి అమ్మకి బొట్టు పెట్టి, ఈ సంబరానికే తీర్చీయండి అని చెప్పి వెళ్ళింది. అంటే నా తోక ఏటి పాలు. నేను అది మొక్కు కాదంటే అమ్మ అమ్మవారి పేరుమీద అబద్ధమాడినట్టు. అలాంటి మనిషిని మా ఊళ్ళో ముర్రాటలు ఎత్తనివ్వరు. పసుపు నీళ్ళూ వేపాకులూ వేసిన ఆ కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా గుడికి వెళతారు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వరసలో మొదటి కుండ మా అమ్మది. నాన్న పోయాక కూడా ఎవరూ ఆమెని పక్కకి జరగమనలేదు. ఆమెకున్న గౌరవమంతా అదే.

పలాస పెద్దాయనకి ఫోను చేశాను. ఇంకో తోక కుట్టి అది నదిలో వదిలేయండమ్మా, అసలుది ఇంట్లో దాచుకోండి, మనకి ఊరితో గొడవెందుకు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆయన చెప్పినట్టు చేస్తే తోక మిగులుతుంది, నోరు పోతుంది. ఇక ఎప్పుడు ఎవరు చూసినా మొక్కు తప్పిన మనిషినవుతాను, లేదా దొంగతనంగా కట్టుకోవాలి.

“బీరువాలో పెట్టుకోవడానికైతే జెండా ఎందుకండీ, జేబురుమాలు చాలు కదా,” అన్నాను.

ఆయన జాగ్రత్తమ్మా అని ఫోను పెట్టేశారు. నాకు జాలి వేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

సంబరం ముందురోజు ఊరు వెళ్ళాను. నేను చేయబోయేది అమ్మకి దాచకుండా చెప్పాను. గుడి దగ్గర మొక్కు కాదని చెప్తానని, నువ్వు నన్నే తిట్టు, ఆ మాట నేనే నీకు చెప్పానని అను, తప్పు నా మీద తోసెయ్ అని కూడా చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వింది.

“నా నెత్తి మీద కుండ దింపించీస్తావేటే?”

“నా తోక ఏట్లో కలిపీమంతావేటి?”

“గుడ్డ ముక్క కదే అది.”

“కుండ మట్టిది కాదేటి మరి?” అన్నాను.

అనకూడని మాటే. కానీ ఆ మాటతో అమ్మ మొదటిసారి నా వైపు తిరిగి చూసింది. కోపంగానే చూసింది. అన్నం పెట్టింది, చేపల పులుసులో ముక్కలు ఏరి నాకే వేసింది, పక్క పరిచింది. మాట మాత్రం లేదు.

మర్నాడు మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాయి. నేను వేషం వేయలేదు. రంగు పూసుకోలేదు. రోజూ కొట్టుకి వేసుకునే చుడీదారు వేసుకుని, దాని మీద తోక కట్టుకుని, వెదురు కర్రకి జెండా తగిలించి వీధిలోకి వచ్చాను. సంబరంలోకి పార్టీ జెండాలు తేకూడదని కమిటీ పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు. ఏ పార్టీదో మీరే చెప్పండి అంటే ఆ రంగులకేసి చూసి ఏమీ తేల్చుకోలేక, మొక్కు జెండా అయి ఉంటుందిలే అని తప్పుకున్నాడు. నేను పుట్టి పెరిగిన వీధిలో, నన్ను గౌను నాటి నుంచి చూసినవాళ్ళ మధ్య, తోక ఊగుతుంటే నడిచాను. పిల్లలు వెనకాలే వచ్చి ముట్టుకున్నారు. ముట్టుకోనిచ్చాను. సిగ్గు వేస్తుందేమో అనుకున్నాను, వేయలేదు. కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. ఇంత చిన్న సంగతికా ఇన్నాళ్ళు భయపడ్డాను అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుడి ముందు గణాచారి వేపమండలు పట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన అప్పటికే వదిలేసిన కిరీటాలూ, గడ్డాలూ కుప్పగా ఉన్నాయి. ముర్రాటల ఆడవాళ్ళు కుండలతో వరసగా నిలబడ్డారు. ముందు మా అమ్మ. మొక్కు తీర్చే ప్రతివాళ్ళనీ అడిగినట్టే గణాచారి నన్నూ అడిగింది.

“ఏ ఇంటోళ్ళ పిల్లవే?”

“తోకోళ్ళ పిల్లని.”

డప్పులవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. విప్పీయ్, మొక్కు తీరిపోద్ది అంది.

“ఇప్పను. ఇది మొక్కు కాదు, ఏషమూ కాదు. నాకు తోక కావాల, కట్టుకున్నాను. పెల్లి కోసం కాదు. రేపూ కట్టుకుంతాను.”

డప్పులు ఆగిపోయాయి. గణాచారి చేతిలో వేపమండ కూడా ఆగింది. మరి మీ అమ్మ మొక్కు అని సెప్పిందేటి అంది. అందరి తలలూ ముర్రాటల వరస వైపు తిరిగాయి. అమ్మకి అలా చెప్పింది నేనే అని అనాలని ముందే అనుకున్నాను. అనలేకపోయాను. మా అమ్మని అంతమంది అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో తోక విప్పేద్దామని నా చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. నిజం చెప్తున్నాను, ముడి మీద చెయ్యి పడింది.

ఎవరూ దించమనకుండానే అమ్మ కుండ దించింది. రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క తొణకకుండా నేల మీద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, ముడి మీద ఉన్న నా చేతిని తీసి పక్కకి పెట్టింది. నా ముఖం చూడలేదు. పక్కావిడ పళ్ళెంలోంచి కొబ్బరికాయ అందుకుని, గుడి ముందున్న రాతి మీద ఒక్క దెబ్బకి పగలగొట్టి, చేతులు జోడించి, వీధి చివర దాకా వినపడేలా అమ్మవారితో చెప్పింది.

“తప్పు నాది తల్లీ, అబద్దం ఆడినాను. తోక దానిదే.”